పైన డాక్టరు, లోపల అత్తమ్మ

మా ఇంట్లో పుండుకు రెండు దిక్కులు ఉన్నాయి. పైన ఏం రాయాలో డాక్టరు చెబుతాడు. లోపలికి ఏం పోవాలో మా అత్తమ్మ చెబుతుంది. ఈ పంపకం మా పాప పిక్క కాలిన సాయంత్రం జరిగింది. అప్పుడు నాకు చాలా తెలివైన ఒప్పందం చేసుకున్నాననిపించింది. పాప పడుకుంది కాబట్టి ఇప్పుడు కూర్చుని ఆ సంగతి రాస్తున్నాను. తను లేచేలోపు ఎంత రాస్తే అంత.

పాపకు అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఇంకా నా పాలు తాగుతుంది, ఇంత అన్నమూ తింటుంది. ఆ వయసు పిల్లలకు నాన్న కంటే నాన్న బండి అంటే ఎక్కువ ఇష్టం. మా ఆయన నల్లగొండలో పనిచేస్తాడు. సాయంత్రం బండి చప్పుడు వాడ మొదట్లో వినబడగానే పాప చేతిలో ఏముంటే అది పడేసి వాకిట్లోకి ఉరుకుతుంది. ఆ రోజూ అలాగే ఉరికింది. ఆయన బండి ఆపి, స్టాండు వేసి, హ్యాండిల్‌కు తగిలించిన కూరగాయల సంచి తీసుకునేలోపు, తను అటు పక్క నుంచి ఎక్కబోయింది. సైలెన్సర్ పిక్కకు తగిలింది.

ఏడుపు విన్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. తల్లులకు ఏడుపులు వేరువేరుగా తెలుస్తాయి. ఆకలిది ఒకటి, మొండిది ఒకటి. ఇది ఆ రెండూ కాదు. ఎట్లా వచ్చానో తెలియదు, పాపను ఎత్తుకుని నేరుగా నల్లా కింద కూర్చోబెట్టి కాలి మీద నీళ్లు వదిలాను.

అక్కడ మొదలైంది. అత్తమ్మ అప్పుడే తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కాలిన చోట నీళ్లు పోయడమేమిటని ఆమె, పోయాలని నేను. నీళ్లు తగిలితే చీము పడుతుందని ఆమె నమ్మకం. పక్కింటి ఆమె పళ్లు తోముకునే పేస్టు తెచ్చింది. ఎదురింటి నుంచి కోడిగుడ్డు వచ్చింది, అందులో తెల్లసొన పూయాలట. రామన్నపేట దగ్గర ఎవరో పసరు వేస్తారని, కాలిన మచ్చ కూడా మిగలదని ఇంకొకరు చెప్పారు. నేను పాప కాలి మీద గొడుగులా వంగి కూర్చున్నాను, ఎవరి చేయి ముందుకొస్తే ఆ చేతిని ఆపుతూ. మా ఆయన సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన ముఖం చూస్తే కాలింది ఆయనకేనేమో అనిపించేటట్టు ఉంది.

చివరకు అత్తమ్మే తెగ్గొట్టింది.

"సరే. పైన నువ్వేమన్న రాసుకో. పేస్టు వద్దు, పసరు వద్దు. కాని పత్యం మాత్రం నేను చెప్పినట్టు ఉండాలె."

అప్పుడున్న కంగారులో నాకు అది పెద్ద విజయంలా కనిపించింది. ఒప్పుకున్నాను. పత్యం పాపకు మాత్రమే కాదని, పాలిచ్చే తల్లికి కూడా అని నాకు ఆ పూట అన్నం దగ్గర గానీ తెలియలేదు.

ఇక్కడ పత్యం సంగతి కొంచెం చెప్పాలి. పాలు తాగే బిడ్డకు ఏదైనా అయితే తల్లి నోరు కట్టుకోవాలి. తల్లి తిన్నది పాలలోకి దిగుతుంది, పాలు బిడ్డ ఒంట్లోకి, ఒంట్లోంచి పుండులోకి. దారి అంత సూటిగా ఉంటుంది. కాబట్టి పుండు ఎండేదాకా నాకు పులుపు లేదు. చింతపండు, టమాట, నిమ్మకాయ, పెరుగు, పుంటికూర అన్నీ బంద్. కందిపప్పు తింటే చీము పడుతుంది. వంకాయ తింటే దురద లేస్తుంది. జామకాయ జలుబు చేస్తుంది. బత్తాయి అయితే పులుపూ, జలుబూ రెండూను.

మాది బత్తాయి తోట అని చెప్పలేదు కదా. ఊరు నల్లగొండ దగ్గర, పానగల్ దాటి ఇంకా లోపలికి. మా అత్తమ్మ కాపురానికి వచ్చినప్పుడు వీళ్లకు సెంటు భూమి లేదట. ఒకరి చెలకల్లో కూలికి పోయి, తర్వాత ఇంత కొనుక్కుని, బోరు వేసి, మొక్కలు నాటారు. మామయ్య పోయాక తోట మొత్తం ఆమెదే. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, దేనికి బంక కారుతోంది, ఏ కొమ్మ కొట్టేయాలి, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. అప్పుడు సరిగ్గా కాత మీద ఉంది తోట. వాకిట్లో సంచులు, పంచలో సంచులు, మంచం కింద సంచులు. ఇల్లంతా బత్తాయి తొక్క వాసన. ఆ వాసన మధ్య కూర్చుని నేను వెల్లుల్లి కారంతో జొన్నరొట్టె తినేదాన్ని. అన్నంలోకైతే అదే కారం, కొంచెం నెయ్యి. పాపకు కారం తీసేసి నెయ్యి అన్నం.

ఆత్మకూరులో ఉండే మా అమ్మకు ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. అమ్మ జాలి పడింది, కానీ అది నేననుకున్న జాలి కాదు. ఆమె తన పత్యం చెప్పింది. కృష్ణ దగ్గరి ఊరు కాబట్టి వాళ్లకు మొదటి శత్రువు చేప. తర్వాత గుమ్మడికాయ, మినప్పప్పు. పండ్లతో గానీ కందిపప్పుతో గానీ ఆమెకు ఏ పేచీ లేదు. ఈ మాట అత్తమ్మ చెవిన వేస్తే నా రొట్టెలోకి ఇంత పప్పు పడుతుందేమోనని ఆశగా చెప్పాను. ఆమె చాలా గౌరవంగా విన్నది.

"మీ అమ్మ చెప్పింది నిజమే బిడ్డా. వాళ్ల నీళ్లు వేరు, మన నీళ్లు వేరు. అయినా పెద్దమనిషి చెప్పింది, చేప గుమ్మడికాయ కూడా బంద్ చెయ్యి."

అట్లా రెండు జిల్లాల పత్యం ఒక్క పళ్లెంలోకి వచ్చింది. మా ఆయన ఆ రోజు టమాట పచ్చడి వేసుకుని తింటూ నా వైపు చూడకుండా జాగ్రత్త పడ్డాడు. చూడకపోయినా పచ్చడి వాసన వస్తుందని ఆయనకు తోచలేదు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను కానీ అప్పుడు నాకు నిద్ర లేదు. పుండు ఎండడం లేదు. మొదట బొబ్బ లేచింది, పగిలింది, లోపల తెల్లగా, పచ్చగా ఒక పొర కనిపించింది. పిక్క మీద పెద్ద రూపాయి బిళ్లంత. దినం తప్పి దినం నల్లగొండలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి కట్టు మార్పించేవాళ్లం. కట్టు విప్పిన ప్రతిసారీ ఫోన్‌లో ఫొటో తీసుకునేదాన్ని. ఇంటికొచ్చి ఈసారి ఫొటో, కిందటిసారి ఫొటో పక్కపక్కన పెట్టి చూసేదాన్ని. పెద్దది చేసి చూసేదాన్ని. అంచు ఒక గోరంత లోపలికి వచ్చినట్టు ఒకసారి కనిపించేది, ఇంకోసారి బయటికి పోయినట్టు. మా ఆయన ఒకరోజు నా ఫోన్ తీసుకుని, అందులో పాప ముఖం ఉన్న ఫొటో ఒక్కటీ లేదు, అన్నీ పిక్కలే ఉన్నాయన్నాడు.

ఒకనాడు డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూశాడు. కాలిన గాయం అనుకున్నదానికంటే లోతుగా ఉందన్నాడు. చీము లేదు, అది మంచిదే. కానీ కింది నుంచి కొత్త చర్మం చాలా మెల్లగా వస్తోంది. ఇంకో వారం చూద్దాం, అప్పటికీ మూసుకోకపోతే హైదరాబాదు పంపిస్తాను, తొడ నుంచి పల్చగా చర్మం తీసి ఇక్కడ వేస్తారు, భయపడేదేం లేదన్నాడు. డాక్టర్లు భయపడేదేం లేదన్నప్పుడు భయపడడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మనకు తెలుస్తుంది.

నేను నోరు తెరవకముందే, మాతో వచ్చిన అత్తమ్మ అడిగింది.

"అంటు కడ్తరన్నట్టా సారూ?"

డాక్టరుకు మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వి, అట్లాంటిదేనన్నాడు. అత్తమ్మ ఇంకేం అడగలేదు. తోటలో అంటు మొక్కలు నాటించిన మనిషి ఆమె. కట్టిన అంటు ప్రతీదీ పట్టదని ఆమెకు తెలుసు. ఆమె ముఖం చూసి నాకు డాక్టరు మాటల కంటే ఎక్కువ భయం వేసింది.

డాక్టరు తిండి సంగతి అడిగాడు. నేను తటపటాయించాను. అత్తమ్మ మాత్రం తల ఎత్తి, గట్టి పత్యంలో ఉంచానని చెప్పింది. ఏమేమి వద్దన్నదో కూడా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పుండు పూడాలంటే ఒంటికి సరుకు కావాలి కదమ్మా, పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, పండ్లు పెట్టండి, తల్లి కూడా తినాలి అన్నాడు. అత్తమ్మ వింటున్నట్టే తల ఊపింది. ఆ ఊపు నాకు తెలుసు. బత్తాయిల ధర తగ్గించి చెప్పే వ్యాపారికి కూడా ఆమె అట్లాగే ఊపుతుంది.

బస్సు ఎక్కాక మెల్లగా అన్నది:

"ఆయన పైన చూసేటాయన. లోపల సంగతి ఆయనకేమెరుక."

ఒప్పందం ఒప్పందమే మరి.

ఆ వారంలో మొదటి రెండు రోజులూ నేను ఫోన్‌లో చదివాను. డిగ్రీలో నాది కెమిస్ట్రీ. ఆక్సీకరణం గురించి పరీక్షల్లో పేజీలు పేజీలు రాశాను గానీ అది నా బిడ్డ పిక్క మీద జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. చదివినదాంట్లో నాకు అర్థమైనంత చెబుతాను. ఒంటికి గాయమైతే కొన్ని రక్తకణాలు కాపలావాళ్లలా అక్కడికి చేరుతాయి. క్రిములను చంపడానికి ఆక్సిజన్ నుంచి పుట్టిన చురుకైన అణువులను వదులుతాయి. వీటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి లేకపోతే పుండు చెడుతుంది. అవి ఎక్కువైనా కష్టమే, పని అయిపోయాక కూడా ఊరుకోకుండా కొత్తగా అల్లుకుంటున్న చర్మాన్ని కూడా కొరుకుతాయి. ఆ దూకుడును తగ్గించేవి యాంటీఆక్సిడెంట్లు. సి విటమిన్ అందులో ఒకటి. దానికి ఇంకో పని కూడా ఉంది, కొత్త చర్మానికి పోగుల్లాంటివి అల్లడానికి అది కావాలి. ఇవన్నీ ఎందులో ఉంటాయని చూస్తే జామ, ఉసిరి, బత్తాయి, నిమ్మ, టమాట, ఆకుకూరలు.

నేను చాలాసేపు నవ్వాను. ఫోన్ తినమన్నవీ, అత్తమ్మ వద్దన్నవీ ఒకటే వరస. ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాసుకున్నట్టుంది.

అయితే చదివిన చోటల్లా ఒక మాట వెంటాడింది, 'సహాయపడవచ్చు' అని. సహాయపడుతుందని ఎక్కడా గట్టిగా లేదు. కడుపులోకి తిన్నది పుండు దాకా ఎంత చేరుతుందో, తిండి బాగానే తినేవాళ్లకు ఇంకా ఎక్కువ తింటే లాభమేమైనా ఉంటుందో, ఇవి ఇంకా తేలాల్సినవే అన్నట్టు రాశారు. ధైర్యం ఉన్న తల్లికి ఆ 'వచ్చు' సరిపోతుంది. నాలాంటిదానికి ఆ 'వచ్చు' పక్కన వెంటనే 'రాకపోవచ్చు' కనిపిస్తుంది. ఒకరోజు మందుల షాపుకు పోయి పిల్లల యాంటీఆక్సిడెంట్ సిరప్ ఏమైనా ఉందా అని కూడా అడిగాను. అతను ఒక సీసా తీశాడు, దాని మీద బత్తాయి బొమ్మ ఉంది. ఇంట్లో మంచం కింద ఉన్న సంచులు గుర్తుకొచ్చి సీసా అక్కడే పెట్టి వచ్చాను.

ఇక అత్తమ్మకు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆమె బడికి పెద్దగా పోలేదు కానీ చెప్పే తీరులో చెబితే అర్థం కాదన్నది ఉండదు. వంటింట్లో మా ఆయన కోసం వంకాయలు తరుగుతోంది, ముక్కలు ఉప్పు నీళ్లలో వేస్తూ. దొరికింది అనుకున్నాను. కోసిన వంకాయ గాలి తగిలితే నల్లబడుతుంది కదా, నీళ్లల్లో వేస్తే ఆగుతుంది, ఇంత నిమ్మరసం పిండితే ఇంకా బాగా ఆగుతుంది, పుండులో కూడా అట్లాంటిదే జరుగుతుందని చెప్పుకొచ్చాను. కాలేజీలో పాఠం చెప్పినట్టు చెప్పాను, చేతులు తిప్పుతూ. ఆమె కత్తిపీట ముందు అట్లాగే కూర్చుని చివరిదాకా విన్నది.

"నల్లవడకుంట ఆగుతది, మంచిదే. మరి కోసిన వంకాయకు మల్ల తోలు వస్తదా?"

తిప్పుతున్న చేతులు దించాను. మా ఆయన గది లోపల నవ్వాడు. నవ్వింది వినబడనట్టు దగ్గాడు, అదీ వినబడింది.

వంకాయ వాదం అట్లా పోయింది. మర్నాడు పాపకు పాలిస్తూ పంచలో కూర్చున్నాను. పాలు కూడా తగ్గినట్టు అనిపిస్తోంది. పాప తాగి, సరిపోక, చికాకుపడి నా జుట్టు పట్టుకుని లాగుతోంది. అత్తమ్మ నా కోసం రొట్టె తెచ్చి పక్కన పెట్టింది. ఆ కారం ఎర్రగా చూస్తూ ఉంది. నాకు ఏడుపొచ్చింది. వాదించాలని కాదు, నిజంగానే అడిగాను.

"అత్తమ్మా, నేను పులుపు తింటే పాలల్లకెల్లి పోయి పుండుకు తాకుతదని కదా నువ్వనేది?"

"అవు. తాకకుంట ఎట్లుంటది?"

"మరి చెడ్డది పోయే తొవ్వల మంచిది పోదా?"

ఆమె పాప కాలి కట్టు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. రొట్టె పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నాను. కాసేపటికి అదే పళ్లెం తిరిగి వచ్చింది. రొట్టె పక్కన కొంచెం పెసరపప్పు ఉంది. పెసర చలువ, కంది లాగ చేయదు అని గోడకు చెప్పినట్టు చెప్పి తోటకు పోయింది.

ఆ సాయంత్రం ఆమె కొంగులో బత్తాయిలు తెచ్చింది. సంచుల్లో ఉన్నవి కాదు. వ్యాపారులకు పంపేవి ఆకుపచ్చగా ఉన్నప్పుడే కోస్తారు, దూరం పోవాలి కదా. ఇవి కోతకు అందకుండా పైకొమ్మల్లో మిగిలి, చెట్టు మీదే పండి, పసుపు రంగు తిరిగినవి. వాటి కోసం నిచ్చెన వేయించిందట. ఒకటి ఒలిచి ముందు తాను ఒక తొన నోట్లో వేసుకుంది, కళ్లు మూసుకుని చప్పరించింది, తీర్పు చెప్పే మనిషిలా కాసేపు ఆగింది.

"ఇది పులుపు కాదు. తీపి. తీపికి పత్యం లేదు. నువ్వు తిను, దానికి పెట్టకు. దానికి పాలల్ల పోతది."

అట్లా ఆమె తన చట్టాన్ని తప్పకుండానే దాంట్లోంచి నాకు ఒక గేటు తీసింది. నేను ఒక వడపోత గుడ్డనయ్యాను. పైనుంచి బత్తాయి పోస్తే కింద పాపకు కావలసింది దిగుతుంది, పనికిరానిది నాలో ఆగుతుంది. శాస్త్రం దీనికి ఒప్పుకుంటుందో లేదో గానీ సి విటమిన్ కొంత పాలలోకి పోతుందని నేను చదివాను కాబట్టి మారు మాట్లాడకుండా తిన్నాను.

మా అత్తమ్మ ఏ పనీ సగం చేయదు. వద్దన్నప్పుడు ఎంత గట్టిగా వద్దన్నదో, తినమన్నప్పుడు అంత గట్టిగా తినిపించింది. పొద్దున బత్తాయి రసం. తోట నుంచి వచ్చేటప్పుడు చెట్టు మీద పండిన జామ, కొరికి చూసి, తీయగా ఉంటేనే. పెరట్లో నాటుకోడి గుడ్డు ఉడికించి. మధ్యాహ్నం పాలకూర, తోటకూర. నా పక్కన కూర్చుని చివరి తొన దాకా కాపలా. నేను చాలు అంటే, నీకు కాదు పెట్టేది, పిల్లకు పెడుతున్నా అనేది. నా పళ్లు జివ్వుమన్నాయి. ఒకసారి సంచి చప్పుడు వినగానే లేచి పెరట్లోకి తప్పుకున్నాను. మా ఆయన నా అవస్థ చూసి, టమాట పచ్చడి గిన్నె మెల్లగా నా వైపు జరిపి, తింటావా అన్నాడు. అది ఇంకా నిషేధంలోనే ఉంది. అత్తమ్మ చూపుతోనే గిన్నె వెనక్కి పోయింది.

పాప ఈ వ్యవహారాన్నంతా గమనిస్తూ ఉంది. ఒకరోజు నేను తొన ఒలిచి నోటిదాకా తెచ్చేసరికి, తను నా చేతిలోంచి లాక్కుని నోట్లో కుక్కుకుంది. రసం గడ్డం మీదుగా మెడ దాకా కారింది. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. పాప ఇంకో తొన కోసం చేయి చాపింది.

"దాని నోరు కట్టడానికి నేనెవలను," అన్నది అత్తమ్మ, గింజలు తీసి ఇంకో తొన దాని చేతిలో పెడుతూ.

ఆ తర్వాత పాప గుడ్డు తిన్నది, పెసరపప్పు అన్నం తిన్నది. చికాకు తగ్గింది. నేను మాత్రం ఫొటోలు ఆపలేదు. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడే కొద్దీ హైదరాబాదులో దవాఖాన ఎక్కడ, ఎవరి ఇంట్లో దిగాలి, పాపకు మత్తు ఇస్తారా, ఇస్తే లేస్తుందా, ఇవే తిరుగుతుండేవి. ఒక సంచిలో పాప బట్టలు సర్ది తలుపు వెనక పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు చూస్తే దాంట్లో పాపకు చలికోటు కూడా ఉంది. నేను పెట్టింది కాదు. నల్లగొండకు చలి లేదు గానీ హైదరాబాదు దవాఖానల్లో ఏసీలు ఉంటాయని అత్తమ్మ ఎవరి నోటనో విన్నదట.

చివరి రోజు ముగ్గురమూ పోయాం, ఆయన సెలవు పెట్టాడు. డాక్టరు కట్టు విప్పుతుంటే నేను కిటికీలోంచి చెట్టు చూశాను. కావాలనే చూశాను. గాజుగుడ్డ చివరి పొర లేపేటప్పుడు పాప ప్రతిసారీ ఏడుస్తుంది. ఈసారి ఏడవలేదు. దిగులుతో పాప వైపు తిరిగాను.

పచ్చటి పొర లేదు. అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం లోపలికి వచ్చి, నడుమ కందిగింజంత చోటు మాత్రం మిగిలింది. అది కూడా ఎర్రగా, తేటగా ఉంది. డాక్టరు తన వేలితో చుట్టూ నొక్కి చూశాడు. హైదరాబాదు అక్కర్లేదన్నాడు.

ఆ మాట విన్నాక మా ఆయన బయటికి పోయాడు, బండి చూసి వస్తానని. మేం బస్సులో వచ్చాం, బండి ఊళ్లోనే ఉంది. ఆయనను ఎవరూ ఆపలేదు.

నేను ఊరుకోలేక డాక్టరును అడిగాను, యాంటీఆక్సిడెంట్ల వల్లేనా అని. చెడిపోకుండా శుభ్రంగా ఉంచారు, అది ఒకటి. పిల్ల తిండి మొదలుపెట్టింది, పప్పు, గుడ్డు, పండ్లు అన్నీ పనిచేసి ఉంటాయి, అది ఒకటి. కాలిన గాయం దాని సమయం అది తీసుకుంటుంది, చిన్నపిల్లల చర్మం త్వరగా వస్తుంది, అది ఇంకొకటి. ఇందులో ఏది ఎంత అంటే నేను చెప్పలేను, ఎవరైనా చెబితే నమ్మకండి అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, కొంచెం నిరాశ కూడా కలిగింది. ఇన్ని బత్తాయిలు తిన్నందుకు ఒక రసీదులాంటిది ఇస్తాడనుకున్నాను.

అత్తమ్మకు అట్లాంటి అనుమానాలు లేవు. బస్సులో పక్కన కూర్చున్నామెకు చెప్పడం మొదలుపెట్టింది, కాలిన పుండు పత్యంతోనే ఎండిందని. ఏం పత్యం అని ఆమె అడిగింది. చెట్టు మీద పండిన బత్తాయి, తీపి జామ, పెసరపప్పు, నాటుకోడి గుడ్డు, తల్లికి పెట్టాలె అని అత్తమ్మ వరసగా చెప్పింది, ఇవన్నీ వాళ్ల అవ్వ కాలం నుంచి ఉన్నట్టు. నేను అడ్డు చెప్పలేదు. నా ఫోన్‌లో చదివిన దాంట్లో సగానికి పైగా అందులో ఉంది, అంతకంటే బాగా చెప్పింది కూడా. ఆ బస్సులో ఆమె ఎవరికి చెప్పిందో, ఆ ఇంట్లో ఎవరికి పుండు అయిందో తెలియదు గానీ, ఒక తల్లి పళ్లెంలోకి ఇంత పప్పు పడి ఉంటుంది.

డాక్టరు చివరగా మూడు జాగ్రత్తలు చెప్పాడు. కొత్త చర్మానికి ఎండ తగలనివ్వద్దు, కొబ్బరి నూనె రాయండి, దురద పుడితే గోకనివ్వద్దు. ఈ విషయంలో మా ఇంట్లో పైనా లోపలా గొడవ రాలేదు. నూనె అంటే అత్తమ్మకు ఇష్టమే. ఎండ అంటే ఆమెకూ భయమే. ఇద్దరం కలిసి పాపకు మోకాళ్ల దాకా వచ్చే పొడుగు సాక్సులు కొన్నాం.

అవి వేసుకోవడానికి పాప ఒప్పుకోలేదు. నిన్న పొద్దున నేను ఒక సాక్సు ఎక్కించి రెండోది పట్టుకునేలోపు, వాకిట్లో కోడిపిల్ల కనిపించింది. పాప నా ఒళ్లోంచి జారి, సాక్సు లేని కాలితో, ఎండలోకి, నవ్వుతూ ఉరికింది. నేను సాక్సు పట్టుకుని వెనకాల ఉరికాను. అత్తమ్మ నూనె గిన్నె పట్టుకుని ఇంకో దిక్కు నుంచి ఉరికింది. గులాబీ రంగు మచ్చ ఉన్న ఆ చిన్న పిక్క మా ఇద్దరికీ అందకుండా, బత్తాయి సంచుల మధ్య నుంచి మలుపు తిరిగింది.